తంతి ఘటముల నుండి సౌరఫలకము వరకు: గుంతకల్లులో బ్యాటరీ పోషణ

గుంతకల్లు చరిత్ర వ్రాయబూనినవారెల్లరును రైళ్ళతో ప్రారంభించి రైళ్ళతోనే ముగించుట పరిపాటి. అది దోషమనుటకు వీలులేదు. ఏలయన, సముద్రమట్టమునకు 400 మీటర్లకు పైబడిన ఎత్తున, గుత్తి దుర్గమునకు పడమట, నదీతీరముగాని రాజధానీవైభవముగాని ఎరుగని యొక పల్లె, నాలుగు దిక్కుల ఇనుపదారులు కలిసికొను కూడలియగుటచేతనే పట్టణమై దేశపు రైల్వే పటమునందు స్థానము సంపాదించినది. అయినను ఆ రైళ్ళ చప్పుడు చాటున, అంతగా ఎవరును పట్టించుకొనని మరియొక వృత్తియొక్క చరిత్ర కలదు. అది విద్యుత్తును పెట్టెలో నిలువజేసి, నిలువచేసినదానిని చెడనీయక దినదినము పోషించు వృత్తి. నేడు కారు పైకప్పు మీద పలకయంత సౌరఫలకమునుంచి, నెలల తరబడి కదలని బండియొక్క బ్యాటరీని సజీవముగ నిలుపుకొనుచున్న గృహస్థుడు తాను సరిక్రొత్త పని చేయుచున్నానని తలపవచ్చును గాని, ఈ ఊరిలో నిలిచి చూచినచో అతడు నూరేండ్లకు మించిన యొక శ్రద్ధకు కడపటి వారసుడుగా కనబడును.

ఈ సీమయొక్క ప్రకృతిని ముందుగా తలచుకొనవలెను. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలు దాటివచ్చునప్పటికే తమ జలసంపదను చాలవరకు కోల్పోవుటచేతను, ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమున కురిసి ఇంతదూరము చేరునప్పటికి బలము తరుగుటచేతను, అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తము మీద కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపట్లనే యుండును. 1800వ సంవత్సరమున నైజాము ప్రభువు కుంపిణీకి దత్తము చేసిన మండలములలో నిది యొకటి. మన్రో దొర కలెక్టరుగా నుండి కొలతలు వేయించిన భూమి యిదియే. బళ్ళారి జిల్లానుండి వేరుపడి అనంతపురం ప్రత్యేకజిల్లాగా ఏర్పడినది 1882లో. అంతకు కొలది సంవత్సరములకు పూర్వమే, 1876 మొదలు 1878 వరకు, ధాత కరువని పెద్దలు తరతరములుగా చెప్పుకొనిన ఘోరక్షామము ఈ పీఠభూమిని శ్మశానప్రాయము గావించెను.

మద్రాసు రైల్వేవారి వాయవ్యమార్గము 1871లోనే రాయచూరు చేరి, బొంబాయి వైపునుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసెను. కాని ఒక్క మార్గము మీద నున్న స్టేషను కూడలి కానేరదు. క్షామానంతరము నియమింపబడిన విచారణసంఘము 1880లో సమర్పించిన నివేదికయందు, కరవు ప్రాంతములకు ధాన్యము చేరవేయుటకై రక్షణార్థపు ఇనుపదారులు వేయవలెనని సిఫారసు చేయుటయు, ఆ ఉద్దేశ్యముననే 1882లో సదరన్ మరాఠా రైల్వే సంస్థ వెలయుటయు, దాని తర్వాత మీటరుగేజి మార్గములు పడమట బళ్ళారి మీదుగా హుబ్బళ్ళికిని, తూర్పున నంద్యాల మీదుగా కృష్ణాతీరమునకును, దక్షిణమున ధర్మవరము మీదుగా బెంగుళూరికిని విస్తరించుటయు జరిగినవి. కరువే గుంతకల్లును కూడలిగా చేసినదనిన అతిశయోక్తి కాదు. 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేయును, 1951లో దక్షిణ రైల్వేయును ఏర్పడెను. 1956లో గుంతకల్లు డివిజను కేంద్రమాయెను. 1977 అక్టోబరు 2న ఆ డివిజను దక్షిణమధ్య రైల్వేకు బదిలీయయ్యెను. ఏలికలు మారిరి గాని, రాత్రింబవళ్ళు ఆరక వెలుగవలసిన దీపములును, తప్పక మ్రోగవలసిన గంటలును మారలేదు.

ఆ దీపములకును గంటలకును మూలమైన విద్యుత్తు మొదట ఎచ్చటనుండి వచ్చెను? పట్టణమునకు కరెంటు తీగలు రాకపూర్వమే, ఇనుపదారి ప్రక్కగా తంతితీగ నడచెను. స్టేషను మాస్టరు గదిలోని తంతియంత్రమునకు ప్రాణము పోసినవి గాజుకుండలలోని రసాయన ఘటములు. 1836 నాటి డేనియల్ ఘటము, 1866 నాటి లెక్లాంచి ఘటము మున్నగునవి దేశమంతటను తంతిశాఖకును రైల్వేలకును ఊడిగము చేసినవి. యశదపు కడ్డీ అరిగిపోయినచో క్రొత్తది దింపవలెను. నవసాగర ద్రావణము ఎండిపోయినచో నీరు చేర్చవలెను. కుండయంచున తెల్లని ఉప్పు పూత పేరుకొనినచో తుడువవలెను. అవి ఒకసారి సత్తువయుడిగిన పిమ్మట తిరిగి నింపుకొనుటకు వీలులేని ఘటములు. వానిలోని పదార్థమునే మార్చవలెను. గుంతకల్లువంటి ఎండసీమలో నీరు త్వరగా ఆవిరియగుటచేత ఈ పరిచర్య మరింత తరచుగా చేయవలసివచ్చెడిది.

తంతికంటె నిశితమైన పని బ్లాకు యంత్రములది. ఒంటిలైను మార్గములలో రెండు రైళ్ళు ఎదురెదురుగా ఒకే దారిన ప్రవేశింపకుండ కాపాడుటకు దక్షిణదేశమున బహుళముగ వాడబడిన నీల్ బాల్ టోకెన్ యంత్రమునందు, ఇరుగుపొరుగు స్టేషను మాస్టర్లిద్దరును తీగమీద ఒడంబడినగాని ఇనుపగోళము వెలికిరాదు. ఆ గోళమును తోలుసంచిలో పెట్టి, పెద్ద వలయమునకు తగిలించి డ్రైవరు చేతికి అందించినగాని బండి కదలదు. ఈ యొడంబడికయంతయు కొలది వోల్టుల బ్యాటరీ మీద ఆధారపడియుండెను. బ్యాటరీ సన్నగిల్లినచో యంత్రము మొరాయించును. యంత్రము మొరాయించినచో బండి నిలిచిపోవును. కూడలిలో ఒక్క బండి నిలిచినచో నాలుగు దిక్కుల బండ్లును ఆలస్యమగును. కనుకనే, ఉపయోగమునకు ముందే బ్యాటరీని పరీక్షించి పోషించుట యను నియమము రైల్వేలలో ఆచారమంతటి దృఢత్వము పొందెను.

ఇక బండిలోని దీపముల కథ వేరు. మొదట పెట్టెలలో నూనెదీపములును, పిమ్మట గ్యాసుదీపములును వెలిగెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున ఇంగ్లండునందలి స్టోన్ కంపెనీవారు ఇరుసునుండి బెల్టుతో తిరుగు డైనమోను కల్పించి, దానికి సీసపుబ్యాటరీలను జతపరచిరి. బండి పరుగిడునపుడు డైనమో దీపములను వెలిగించుచు బ్యాటరీని నింపును. బండి స్టేషనులో నిలిచినపుడు బ్యాటరీయే దీపములను వెలిగించును. భారతదేశపు బండ్లలో చిరకాలము 24 వోల్టుల పద్ధతి నడచెను. పెట్టె క్రింద వ్రేలాడు చెక్కపేటికలలో రెండేసి వోల్టుల ఘటములు పండ్రెండు వరుసగా నుండెడివి. మందగమనమున నడచుచు ప్రతి చిన్న స్టేషనులోను ఆగు ప్యాసింజరు బండికి డైనమో తిరుగు కాలము తక్కువ, బ్యాటరీ తరుగు కాలము ఎక్కువ. అట్టి బండ్లు కూడలి చేరినపుడు, ట్రెయిన్ లైటింగు విభాగపు పనివారు పెట్టెల క్రింద వంగి, ఒక్కొక్క ఘటపు మూత తెరచి, హైడ్రోమీటరు ముంచి ఆమ్లసాంద్రత చూచి, డిస్టిల్డు వాటరు పోసి, టెర్మినళ్ళకు వ్యాసలైను పూసి, దిగిపోయిన వరుసను చార్జింగునకు పెట్టుట నిత్యకృత్యము. ఖాకీ చొక్కాలకు ఆమ్లపు చుక్కలు పడి ఏర్పడిన చిల్లులే వారి ఉద్యోగచిహ్నములు. వారి పేర్లు ఏ శాసనమునందును కనబడవు గాని, చీకటిలో పీఠభూమిని దాటిన లక్షలాది ప్రయాణికుల తలలపై వెలిగిన దీపము వారి చేతిచలువయే.

రైల్వే ఆవరణ దాటి బ్యాటరీ ఊరిలోనికి వచ్చినది మోటారుబండితో. తిరిగి నింపుకొనదగిన సీసపుబ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో కల్పించెను. కమిల్ ఫోర్ 1881లో సీసపు పలకలకు ముద్దను పూయు పద్ధతి చేర్చి దానికి వ్యాపారయోగ్యత కలిగించెను. 1912లో అమెరికాయందు కాడిలాక్ కారుకు కెట్టరింగ్ అమర్చిన సెల్ఫ్ స్టార్టరుతో మోటారుకును బ్యాటరీకిని విడదీయరాని బాంధవ్యమేర్పడెను. అంతవరకు హ్యాండిలు త్రిప్పి ఇంజను లేపిన డ్రైవరు, అటుపై మీట నొక్కి లేపనారంభించెను. రాయలసీమ బాటలపై తిరిగిన బస్సులకును లారీలకును మాత్రము చిరకాలమువరకు హ్యాండిలు ముందుభాగమున ఉండియే తీరవలసివచ్చెను. సెల్ఫు అందుకొననినాడు ప్రయాణికులు దిగి బండి త్రోయుటయు సాధారణమే.

ఇంజను లేపుట యొక్కటే ఆ పెట్టె పని కాదు. ఊళ్ళకు కరెంటు రాని కాలమున వాల్వు రేడియో పాడినది బ్యాటరీతో. ఎన్నికల సభలలోను, జాతరలలోను, రాత్రియెల్ల సాగు నాటకములలోను మైకుసెట్టు పలికినది బ్యాటరీతో. దానిని సైకిలు వెనుక కట్టుకొనియో, ఎద్దులబండిలో పెట్టుకొనియో పట్టణము చేర్చి, బ్యాటరీషాపులో చార్జింగునకిచ్చి, సంతపని ముగించుకొని తిరిగి తీసికొనిపోవుట పల్లెవాసులకు అలవాటాయెను. పల్లె సంతకు వచ్చినట్లే బ్యాటరీయు ఊరికి వచ్చిపోయెడిది. ట్రాన్సిస్టరు రేడియోయు గ్రామవిద్యుదీకరణమును ఆ రాకపోకలను క్రమముగా తగ్గించినవి.

ఇచ్చట ఈ పెట్టెయొక్క స్వభావమును కొంచెము విచారింపవలెను. లేనిచో ఇంతటి పరిచర్య యెందులకో బోధపడదు. కారుబ్యాటరీలో ఆరు ఘటములుండును. నిండుగానున్నపుడు ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు చూపుటచేత మొత్తము 12.6 వోల్టుల పైచిలుకగును. 12.4 చూపినచో ముప్పాతిక నిండియున్నదనియు, 12.2 చూపినచో సగము ఖాళీయైనదనియు స్థూలముగా గ్రహింపవచ్చును. శక్తిని వెలువరించునపుడు రెండు రకముల పలకలమీదను సీసపు సల్ఫేటు ఏర్పడును. తిరిగి నింపినపుడు అది కరగిపోవును. కాని ఖాళీయైన బ్యాటరీని అట్లే వదలినచో, ఆ సల్ఫేటు గట్టి స్ఫటికములుగా మారి పలకలనంటిపెట్టుకొని, తర్వాత ఎంత కరెంటు పంపినను కరగదు. మూలనున్న బ్యాటరీ తనంత తానుగా కూడ తరిగిపోవును. వేడిమి పది డిగ్రీలు హెచ్చినచో ఆ తరుగుదల ఇంచుమించు రెట్టింపగును. ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటు గుంతకల్లు వేసవిలో, చలిదేశపు పుస్తకము చెప్పిన గడువులు చెల్లవు. కట్టుగొయ్యకు కట్టివేయబడి మేత లేక చిక్కిన ఎద్దువలె, కదలని బండిలోని బ్యాటరీ పనిభారముచేత గాక ఉపవాసముచేత నశించును.

ఈ ఉపవాసమునకు సూర్యునిచేత విరుగుడు వేయించు ఆలోచన ప్రపంచచరిత్రలో మనము తలచునంత క్రొత్తది కాదు. వెలుతురు విద్యుత్తును పుట్టించునని ఎడ్మండ్ బెకెరెల్ 1839లో కనుగొనెను. చార్లెస్ ఫ్రిట్స్ 1883లో సెలీనియముతో ఘటము చేసెను గాని దాని ఫలము అత్యల్పము. 1954 ఏప్రిల్ 25న అమెరికాయందలి బెల్ పరిశోధనాలయమువారు చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు నిర్మించిన సిలికాన్ సౌరఘటమును లోకమునకు ప్రదర్శించిరి. తనపై పడిన ఎండలో నూటికి సుమారు 6 పాళ్ళు మాత్రమే అది విద్యుత్తుగా మార్చగలిగెను. 1955 అక్టోబరులో జార్జియా రాష్ట్రమందలి అమెరికస్ అను ఊరియొద్ద, పల్లెటూరి టెలిఫోను తీగకు ఆధారమైన బ్యాటరీని నింపుటకు దానిని స్తంభముపై నెలకొల్పిరి. సౌరఘటము బయటి లోకమున చేసిన తొలి ఉద్యోగము, ఒక బ్యాటరీని పోషించుటయే. ఖర్చు గిట్టుబాటు కాక ఆ ప్రయోగము నిలిచిపోయినను, 1958 మార్చి 17న ఆకాశమునకెగసిన వాన్‌గార్డు ఉపగ్రహమున రసాయనబ్యాటరీ కొలది వారములలో నిష్ప్రయోజనము కాగా, సౌరఘటములతో నడచిన ప్రసారయంత్రము 1964 వరకు సంకేతములు పంపుచునే యుండెను.

1973 నాటి చమురుసంక్షోభము పిమ్మట మన దేశమును ఈ మార్గము పట్టెను. 1974లో సాహిబాబాదున స్థాపింపబడిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ అను ప్రభుత్వసంస్థ 1977లో దేశపు తొలి సౌరఘటమును, మరుసటి సంవత్సరము తొలి సౌరఫలకమును తయారుచేసెను. ఆ సంస్థయే రైల్వేలకు ఆక్సిల్ కౌంటర్లను, అనగా బండి చక్రముల ఇరుసులను లెక్కించి దారి ఖాళీయైనదో కాదో తెలుపు యంత్రములను, తయారుచేయుట గమనింపదగినది. ఒకే కప్పు క్రింద సంకేతయంత్రమును, దానికి మేతపెట్టగల సౌరఫలకమును పుట్టుట కాకతాళీయము కాదు. కరెంటుతీగ చేరని ఒంటరి లెవెల్ క్రాసింగు గేట్లయొద్ద దీపమునకును టెలిఫోనునకును సౌరఫలకము, బ్యాటరీ జంటగా నిలుచుట క్రమముగా రైల్వేలలో వాడుకయయ్యెను.

గేటు అనగానే గుంతకల్లువాసికి స్ఫురింపవలసిన పేరు హంపన్నది. 1893లో ఈ ఊరి రైల్వేగేటు కాపలాదారైన గూళపాళ్యము హంపన్న, ఆంగ్లసైనికుల బారినుండి ఇద్దరు స్త్రీలను కాపాడబోయి తుపాకిగుండుకు బలియయ్యెను. ఆ యన్యాయమును గుత్తి కేశవపిళ్ళె లోకమునకు చాటెను. నిర్జనప్రదేశమున ఒంటరిగా నిలిచి రాత్రియెల్ల మేలుకొనువాని ఉద్యోగమెంతటిదో ఆ కథ తెలుపును. హంపన్న నాటి గేటుగుడిసెలో వెలిగినది నూనెదీపము. నేటి గేటుగదిపై ఎండను త్రాగు పలక, లోపల బ్యాటరీ, దానిపై దీపము, ఫోను కలవనిన, ఆ మార్పు యంత్రవిశేషముగా కన్న మానవభద్రతగా లెక్కింపదగినది.

గుంతకల్లు డివిజనులోనే, 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల మార్గమును దక్షిణమధ్య రైల్వేలో తొలి సౌరమార్గముగా ప్రకటించిరి. దారిలోని చిన్న స్టేషనుల పైకప్పులమీద సౌరఫలకములు వెలసెను. నాటి అనంతపురం జిల్లా తూర్పుకొననుండిన నంబులపూలకుంటలో 2016 నాటికి 250 మెగావాట్ల సౌరకేంద్రమును, నాటి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామములలో 2017 నాటికి 1000 మెగావాట్ల సౌరవాటికయు పని ప్రారంభించినవి. ఇదే డివిజను దక్షిణకొనయందు, తిరుపతి చెంత కరకంబాడిలో, 1985లో స్థాపింపబడిన అమరరాజా సంస్థ సీసపుబ్యాటరీల తయారీలో దేశమున అగ్రశ్రేణికెక్కెను. ఇట్లు ఎండను పట్టు పలకయు, పట్టినదానిని దాచు పెట్టెయు రెండును రాయలసీమ సొంత సరకులయ్యెను. తరతరములుగా శాపమని నిందింపబడిన సూర్యుడు చదరపు మీటరుకు దినమునకు సగటున 5 నుండి 6 కిలోవాట్ గంటల శక్తిని ఈ నేలపై కురిపించుచున్నాడు.

మెగావాట్ల నడుమ పది వాట్ల పలకను గూర్చి మాటాడుట చిన్నతనముగా తోచవచ్చును. కాని ఈ సీమలోని ట్రాక్టరు సంగతి యోచింపుడు. మెట్టసేద్యమున దానికి పని సంవత్సరములో కొలది వారములే. తక్కిన కాలము కొట్టములో నిలిచియుండును. జ్యేష్ఠమాసమున తొలివాన పడి నేల పదునైనపుడు వేరుసెనగ విత్తుటకు దొరకు వ్యవధి మూడు నాలుగు దినములే. ఆ దినముననే సెల్ఫు అందుకొననిచో, బ్యాటరీషాపువాడు చార్జింగు పెట్టి యిచ్చునప్పటికి పదును ఆరిపోవును. అట్లే బెంగుళూరున ఉద్యోగము చేయుచు ఇంటియొద్ద కారు విడిచినవానికిని, 2020 నాటి లాక్‌డౌనులో నెలల తరబడి బండి కదపని గృహస్థునకును, బ్యాటరీ చచ్చుట అనుభవములోని సంగతియే.

లెక్క సులభము. తాళము తీసివేసినను కారులోని గడియారమును, అలారమును, తాళపు జ్ఞాపకయంత్రమును సుమారు 30 మిల్లీఆంపియర్లు త్రాగుచుండును. అది దినమునకు 0.7 ఆంపియర్ గంట. 40 ఆంపియర్ గంటల బ్యాటరీ నాలుగు వారములలో సగము తరిగిపోవును. పది వాట్ల సౌరఫలకము నిండు ఎండలో అర ఆంపియరుకు కొంచెము హెచ్చుగా ఇచ్చుటచేత, ఐదు గంటల ఎండకు రెండున్నర ఆంపియర్ గంటలు సమకూరును. తరుగుదలకు ఇది మూడురెట్లకు పైమాట. అట్లని చచ్చిన బ్యాటరీని అది బ్రతికించునని భ్రమపడరాదు. నిండియున్నదానిని నిండుగా నుంచుటయే దాని ధర్మము.

జాగ్రత్తలు కొన్ని కలవు. రాత్రివేళ కరెంటు బ్యాటరీనుండి పలకలోనికి వెనుకకు పారకుండ డయోడు అవసరము. ఎండలో పలక ఖాళీగానున్నపుడు 20 వోల్టులకు పైగా చూపును గనుక, బ్యాటరీవద్ద 13.5 వోల్టుల చుట్టుపట్ల నిలుపు చార్జ్ కంట్రోలరును నడుమ నుంచుట మేలు. లేనిచో వేసవిలో నీరు వాయువులుగా విడిపోయి ఇంకిపోవును. ధనటెర్మినలు దగ్గర ఫ్యూజు ఉండవలెను. పెక్కు కార్లలో సిగరెట్ లైటరు రంధ్రము తాళము తీసినంతనే తెగిపోవును. అట్టి కారులో పలకను అందులో తగిలించిన ఫలము సున్న. అద్దము వెనుక పెట్టిన పలక బయటి పలకయంత పనిచేయదు. పలక వేడెక్కినకొలదిని వోల్టులు తగ్గును గనుక గాలి సోకునట్లు అమర్చవలెను. అన్నిటికంటె పెద్ద శత్రువు ఈ సీమ దుమ్ము; వారమున కొకసారి తడిబట్టతో తుడువని పలక నెల తిరుగకమునుపే మసకబారును. మూతలు తీయదగిన బ్యాటరీయైనచో డిస్టిల్డు వాటరు చూచుటయు తప్పదు. నాడు ట్రెయిన్ లైటింగు పనివాడు చేసిన పరిచర్యనే, కొంత తగ్గించి, నేటి గృహస్థుడు చేయుచున్నాడు.

కావున నా యభిప్రాయము స్పష్టము. సౌరఫలకము ఈ వృత్తిలో నింపు పనిని మాత్రమే సూర్యునకప్పగించినది; చూచుట, తుడుచుట, కొలుచుట యను మూడు పనులును మనుష్యునియందే యుంచినది. ఆ మూడును ఎరిగిన రైల్వే బ్యాటరీపనివారు, వృద్ధులై విశ్రాంతి గైకొనినవారు, గుంతకల్లు రైల్వే కాలనీలలోను పాతయూరిలోను ఇంకను కలరు. ఇంజనులను భద్రపరచినట్లే వారి పనిముట్లను, వారు కనిపెట్టిన చిట్కాలను, వారి జ్ఞాపకములను ఎవరైన పూనుకొని వ్రాసి యుంచవలెను. గుంతకల్లు చరిత్ర వ్రాయు యువకులకు నా మనవి యిదియే: కూడలిని కట్టిన కంపెనీల పేర్లతోపాటు, దాని దీపములను ఆరనీయక నిలిపినవారి పేర్లను కూడ మీ పుస్తకమునందు చేర్పుడు.